మారు వడ్డన లేని విందు

ఖరీదైన రెస్టారెంటులో పదకొండు వంటకాల విందు, ఆరోదిగా చారు వచ్చింది. ఇంట్లో పిల్లలకు దగ్గుమందు కొలిచి పోసే మూతకంటే కాస్త పెద్ద గాజు గ్లాసు. టమాటా వడగట్టి తీసిన తేట, మిరియం ఘాటు, పైన నేతిలో వేగిన కరివేపాకు ఒక్కటంటే ఒక్కటి. రెండు గుక్కల్లో అయిపోయింది. అంత మంచి చారు ఈమధ్య కాలంలో నేను తాగలేదు. మా బావమరిది కూడా అదే అనుకున్నట్టున్నాడు, అలవాటు కొద్దీ గ్లాసు ముందుకు జరిపి ఇంకొంచెం పోయమన్నాడు. వడ్డించే కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. ఇది టేస్టింగ్ మెనూ అనీ, అంటే వంటవాళ్లే ఎంచి కొంచెం కొంచెంగా వరుసగా తెచ్చే విందనీ, మనిషికి ఒక్కటే లెక్క అనీ చెప్పి గ్లాసు తీసుకెళ్లిపోయాడు.

ఇలాంటి చోట్ల తిన్నవాళ్లు ఆకలితో లేస్తారని ఒక పాత జోకుంది. ఎప్పుడూ వెళ్లనివాళ్లు చెప్పే జోకది. మూడు గంటలపాటు ఒక్కో ముద్దా తింటూ కూర్చుంటే కడుపు నిండుతుంది, ఎనిమిదో ప్లేటుకి మాకూ నిండింది. కాబట్టి నా పేచీ పరిమాణంతో కాదు, అడిగే హక్కు లేకపోవడంతో.

మన బంతి భోజనానికీ వరుసుంది. ముందు పప్పూ నెయ్యీ, తర్వాత కూర, పచ్చడి, పులుసో చారో, చివరికి పెరుగు. అయినా ఆ వరుస తినేవాడి చేతిలోనే ఉంటుంది. గోంగూర దగ్గరే ఆగిపోయినవాణ్ణి ఎవరూ తరమరు. వద్దనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే సరి. బకెట్టూ గరిటే పట్టుకుని తిరిగేవాడి కన్ను విస్తట్లో ఖాళీ అయిన చోటును వెతుకుతుంది, నింపడానికి. ఖరీదైన రెస్టారెంటులోనూ మన ప్లేటు మీద అంతే శ్రద్ధగా ఒక కన్ను ఉంటుంది. అయితే అది ఖాళీ కాగానే తీసేయడానికి.

ఒక్కో వంటకాన్నీ వరుసగా తేవడం యూరప్‌లోనూ మరీ పాత ఆచారమేం కాదు. పూర్వం ఫ్రాన్స్‌లో పెద్దింటి విందుల్లో పళ్లేలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి పేరుతో ఈ వరుస వడ్డన వచ్చింది. 1970ల్లో ఫ్రాన్స్‌లోనే కొత్త తరం షెఫ్‌లు సాస్‌ల బరువు తగ్గించి, ప్లేటులో పదార్థాన్నీ తగ్గించారు. అలా పదార్థం తగ్గి వంటకాల సంఖ్య పెరగడంతో తినేవాడు ఎంచుకునే భోజనం కాస్తా వండేవాడు నిర్ణయించే ప్రదర్శనగా మారింది. స్పెయిన్‌లో ఫెర్రాన్ అద్రియా అనే షెఫ్ నడిపిన ఎల్ బుయీ రెస్టారెంటులో ఒక పూటకు ముప్పైకి పైగా వంటకాలుండేవి.

వంటగది వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయముంది. ఈ రాత్రికి ఎందరొస్తారో, ఒక్కొక్కరికి ఎన్ని గ్రాముల చేప కావాలో ముందే తెలుస్తుంది. చాలాచోట్ల డబ్బు కూడా ముందే కట్టించుకుంటారు. పారబోత తగ్గుతుంది. ఇంత చేసినా గిట్టుబాటు కాదన్నదే విచిత్రం. ఎల్ బుయీ 2011లో మూతపడింది. అంత పేరుండి కూడా దాన్ని ఆదుకున్నది పుస్తకాలూ ఉపన్యాసాల రాబడే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లోని నోమా రెస్టారెంటు ప్రపంచంలో అత్యుత్తమమని ఐదుసార్లు అనిపించుకుంది. అలాంటిది 2024 చివరికి మామూలు సర్వీసు ఆపేస్తామని 2023 జనవరిలో ప్రకటించింది. ఈ పద్ధతి ఇక నడవదన్నాడు అప్పట్లో దాన్ని నడిపిస్తున్న షెఫ్ రెనే రెడ్జెపీ.

ఎందుకు నడవదో చెప్పే ఒక ముచ్చట అప్పుడే న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. హైదరాబాదులో వంట కోర్సు పూర్తిచేసిన ఒక యువతి 2017లో మూడు నెలలు జీతం లేకుండా నోమాలో ఇంటర్న్‌గా పనిచేసింది. పండ్ల గుజ్జును పలచగా ఆరబెట్టి, అచ్చులతో కోసి, ముక్కలు అతికించి పురుగు బొమ్మలు చేయడమే ఆమె పని. తేలిక మాటల్లో చెప్పాలంటే తాండ్ర పురుగులు. పనిచేసేటప్పుడు మాట్లాడకూడదు, నవ్వకూడదు అన్నారట. అది తమ పద్ధతి కాదని రెస్టారెంటు తరఫువాళ్లు చెప్పారు. మామిడి తాండ్ర ఎండబెట్టడం మన గోదావరి జిల్లాల్లో ఎంతోమందికి తెలిసిన విద్యే, అక్కడా చాప మీద పొర మీద పొర పోసి ఎండలో కాపలా కాసేది ఎక్కువగా ఆడవాళ్లే. కాకపోతే ఆ తాండ్రను మనం ఒక్క ముక్కతో వదలం. నోమా 2022 అక్టోబరులో ఇంటర్న్‌లకు జీతాలివ్వడం మొదలుపెట్టింది. పట్టుమని నాలుగు నెలలు గడవకముందే మూసివేత కబురు వచ్చింది. రెండింటికీ సంబంధం లేదంటే నేను నమ్మను.

అందుకే మా బిల్లు చూసి నేను గుండెలు బాదుకోలేదు. మనిషికి ఆరువేల పైచిలుకు. ఆ డబ్బులో పదార్థం విలువ కొంతే, ఎక్కువ భాగం చేతుల కూలి. ఒక కరివేపాకు రెబ్బలోంచి మంచి ఆకును ఏరి, చిమటాతో పట్టి గ్లాసులో నిలబెట్టినవాడి జీతం. ఇది మోసం అనడం తేలికే గానీ నిజం కాదు.

మారు వడ్డిస్తే కొంప మునుగుతుందన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మెనూతో ఎంత వేళాకోళమైనా చేయొచ్చని బ్యాంకాక్‌లో మన కోల్‌కతా షెఫ్ గగన్ ఆనంద్ చూపించాడు. ఎమోజీ బొమ్మలు తప్ప అక్షరం లేని మెనూ కార్డు, ఇరవై అయిదు వంటకాలు, వాటిలో ఒకటి ప్లేటును నాకి తినాల్సింది. మా అమ్మ చూస్తే వీపు మీద ఒక్కటిచ్చేది. ఇన్ని నియమాలు విరగ్గొట్టినవాళ్లు ఈ ఒక్కటి విరగ్గొట్టలేరా? చారులాంటిది ఓ లీటరు ఎక్కువ కాచి పక్కన పెట్టడం ఏ వంటగదికీ భారం కాదు. ఆ రాత్రి అడక్కుండానే మాకు రెండోసారి వచ్చింది వెన్నా బన్నూ. అంటే మారు ఎలా వడ్డించాలో వాళ్లకు తెలుసు. తాము గొప్పగా వండామనుకున్నదాన్ని మాత్రం వడ్డించరు.

మర్నాడు ఫోన్‌కి ఫీడ్‌బ్యాక్ లింకు వచ్చింది. అయిదు నక్షత్రాలూ ఇచ్చేశాను. కింద వ్యాఖ్య గడిలో మా బావమరిది నా చేతిలోంచి ఫోన్ లాక్కుని రాశాడు: "ఆరో వంటకం ఇంకో గ్లాసు కావాలంటే ఎంతో చెప్పండి, కడతాం."