తల్లిపాలు తాగే బిడ్డకు విటమిన్ డి చుక్కలు అక్కర్లేదా?

‘తల్లిపాలు తాగే బిడ్డకు విటమిన్ డి చుక్కలు వేయకండి’ అంటూ ఒక మెసేజ్ చాలా రోజులుగా చక్కర్లు కొడుతోంది. తల్లిపాలలో అన్నీ ఉంటాయని, పొద్దుటి ఎండ చాలని, తల్లి మాత్ర వేసుకుంటే బిడ్డకూ అందుతుందని, చుక్కలతో కిడ్నీలు పాడవుతాయని, బొద్దుగా ఉన్న బిడ్డకు లోటే ఉండదని అందులో రాశారు. ఇది నమ్మి చుక్కలు ఆపేస్తే నష్టపోయేది నోరులేని చంటిబిడ్డ. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

‘తల్లిపాలు సంపూర్ణాహారం, పైనుంచి ఏమీ అక్కర్లేదు.’

మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టాలన్న మాటకు తిరుగులేదు. చుక్కలు వేసినంత మాత్రాన ఆ నియమం తప్పినట్టు కాదు. కేవలం తల్లిపాలు అంటే ఏమిటో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థే విటమిన్ చుక్కలకూ మందులకూ మినహాయింపు ఇచ్చింది.

ఇక లెక్క చూద్దాం. తల్లిపాలలో విటమిన్ డి సాధారణంగా లీటరుకు 80 యూనిట్లు దాటదు, చాలామందిలో అంతకంటే బాగా తక్కువ. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగినా, ఎంత ఎక్కువగా లెక్కేసుకున్నా అందేది 60 యూనిట్లే. కావలసింది 400. పుట్టినప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న నిల్వ కొన్ని వారాల్లో కరిగిపోతుంది. తల్లికే లోటు ఉంటే ఆ నిల్వ కూడా అంతంతమాత్రమే. అందుకే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2008లో, విటమిన్ డి లోటుతో పిల్లల ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు నివారణపై వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన సిఫార్సులు 2016లో, పసిపిల్లలకు రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలన్నాయి.

ఇందులో తల్లి తప్పేమీ లేదు, ఆమె పాలు పలచనా కాదు. మనిషికి విటమిన్ డి ప్రధానంగా అందేది ఎండ తగిలిన చర్మం నుంచి. ఎంత మంచి తిండి తిన్నా పాలలో అది పెద్దగా పెరగదు. ‘నీ పాలలో బలం లేదు’ అని బాలింతను నిందించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

‘పొద్దున్నే కాసేపు ఎండలో పడుకోబెడితే చాలు.’

చర్మంలో విటమిన్ డి తయారుచేసేది ఎండలోని అతినీలలోహిత-బి కిరణాలు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, అంటే మన నీడ మనకంటే పొడవుగా పడే వేళల్లో, అవి నేలకు చేరేది చాలా తక్కువ. పొద్దుటి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ పని జరగదు. కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చామనఛాయ, నల్లని చర్మానికి ఇంకా ఎక్కువసేపు కావాలి. పోనీ నడినెత్తి ఎండలో పెడదామంటే లేత చర్మం కమిలిపోతుంది. ఆరు నెలల లోపు పిల్లలను నేరుగా ఎండలో ఉంచవద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు.

‘తల్లి మాత్ర వేసుకుంటే బిడ్డకూ అందుతుంది.’

ఇందులో కొంత నిజముంది. తల్లి రోజూ 6400 యూనిట్లు తీసుకుంటే బిడ్డకు నేరుగా 400 ఇచ్చినంత ఫలితం ఉంటుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కానీ మామూలుగా బాలింతలు వేసుకునే మాత్రల్లో ఉండేది అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అది తల్లికి మంచిదే, బిడ్డకు సరిపోదు. పెద్ద మోతాదు సొంతంగా మొదలుపెట్టకూడదు, డాక్టరు చెబితేనే.

‘చుక్కలు విషం, కిడ్నీలు పోతాయి.’

రోజుకు 400 యూనిట్లతో పోవు. ఆరు నెలల లోపు బిడ్డకు పై హద్దుగా పెట్టిందే 1000 యూనిట్లు. మితిమీరితే మాత్రం రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, నీరసం వస్తాయి, కిడ్నీలకూ దెబ్బే. అసలు ప్రమాదం కొలతలో ఉంది. కొన్ని సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 400 యూనిట్లు ఉంటే, కొన్నింటిలో ఒక్క చుక్కలోనే 400 ఉంటాయి. మిల్లీలీటరుకు సుమారు ముప్ఫై చుక్కలు. ఒక్క చుక్క వేయాల్సిన మందును పొరపాటున డ్రాపర్ నిండా మిల్లీలీటరు పోస్తే 12,000 యూనిట్లు! డ్రాపర్ తికమకపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే హెచ్చరించింది.

కాబట్టి సీసా మీద రాసింది చదవండి. ఆ సీసాతో వచ్చిన డ్రాపరే వాడండి. బ్రాండ్ మారితే మోతాదు మళ్లీ అడగండి. ఇంట్లో అమ్మ ఒకసారి, అమ్మమ్మ ఒకసారి వేయకుండా, ఆ పని ఒక్కరే చూసుకోవడం మంచిది. ఒకరోజు మరిచిపోతే టెన్షన్ పడి మర్నాడు రెట్టింపు వేయక్కర్లేదు. డబ్బాపాలలో విటమిన్ డి కలిపే ఉంటుంది కనుక అవి కూడా తాగే బిడ్డకు ఎంత వేయాలో డాక్టరును అడగాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతీ అంతే.

‘మా బిడ్డ బొద్దుగా, హుషారుగా ఉంది.’

ఒళ్లు చేసినంత మాత్రాన ఎముక గట్టిపడినట్టు కాదు. రికెట్స్ ఎక్కువగా బయటపడేది ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య: మణికట్టు ఉబ్బడం, పక్కటెముకల చివర పూసల్లా తేలడం, మాడు త్వరగా పూడకపోవడం, నడక మొదలయ్యాక కాళ్లు వంగడం. కొందరు పసిపిల్లల్లో వీటన్నిటికంటే ముందే కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా వాటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే అప్పుడు రోజుకు 400 యూనిట్లు చాలవు, చికిత్స మోతాదు వేరే ఉంటుంది.