కర్నూలు రింగ్ రోడ్డు: మొదట ఏ ముక్క వేయాలి?

హైదరాబాద్ బస్సు శంషాబాద్ దాటేటప్పుడు ఔటర్ రింగ్ రోడ్డును చూసి, మన కర్నూలుకూ ఇలాంటిది ఎప్పుడొస్తుందో అనుకోని వాళ్లు తక్కువ. కానీ ఊరి మ్యాప్ ముందు పెట్టుకుని చుట్టూ ఒక గుండ్రం గీసి చూడండి. ఉత్తరం వైపు గీత తుంగభద్ర దాటి తెలంగాణలోకి పోతుంది. ఏరు దాటితే అలంపూర్ ప్రాంతం, జోగులాంబ గద్వాల జిల్లా. అంటే రింగు పూర్తి కావాలంటే తుంగభద్ర మీద కొత్తగా రెండు వంతెనలు కట్టాలి. దానికి తోడు పక్క రాష్ట్రం మన ఊరి కోసం తన రైతుల దగ్గర భూమి తీసుకోవాలి. ఏ ప్రభుత్వం ఆ తలనొప్పి నెత్తిన పెట్టుకుంటుంది?

అసలు ఆ ఉత్తరపు సగంతో మనకు పని కూడా తక్కువే. హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే బండ్లు 44వ జాతీయ రహదారి మీద సాఫీగా పోతున్నాయి. ఊరు నలిగిపోతున్నది పడమర నుంచి తూర్పుకు వెళ్లే బండ్లతో. కోడుమూరు, బళ్లారి వైపు నుంచి వచ్చి నంద్యాలకో ఆత్మకూరుకో పోవాలంటే కర్నూలు ట్రాఫిక్‌లో పడక తప్పదు. కాబట్టి మనకు కావాల్సింది దక్షిణాన ఒక అర్ధవృత్తం. సుంకేసుల రోడ్డు దగ్గర మొదలై బళ్లారి రోడ్డును, 44ను, నంద్యాల వెళ్లే 40ని, ఆత్మకూరు వెళ్లే 340సిని కలుపుకుంటూ పోతే చాలు. దాన్ని రింగ్ రోడ్డనే పిలుచుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ అర్ధవృత్తమైనా ఒకేసారి పూర్తవుతుందన్న నమ్మకం నాకు లేదు. హైదరాబాద్ ఔటర్ ఎనిమిది వరుసలు, 158 కిలోమీటర్లు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఉన్న ముక్క 2008లో తెరిచారు, విమానాశ్రయం మొదలైందీ ఆ ఏడాదే. కండ్లకోయ దగ్గర మిగిలిన చివరి ముక్క 2018లో గానీ పూర్తి కాలేదు. ఆ పదేళ్లలో కంపెనీలు, అపార్ట్‌మెంట్లు ఎటు పోయాయో అందరికీ తెలుసు. ఐటీ ముందు నుంచీ పడమర వైపే ఉందన్నది నిజమే. అయినా తూర్పున ఘట్‌కేసర్ వైపు కూడా అదే రోడ్డు వచ్చింది, ఆ ఊపు మాత్రం రాలేదు. మొదటి ముక్క ఎటు పడితే ఊరు అటు వాలుతుంది.

ఇక కర్నూలులో అందరి కళ్లూ నంద్యాల దారిలో ఉన్న ఓర్వకల్లు మీదే ఉన్నాయి. 2021లో విమానాశ్రయం వచ్చింది. హైదరాబాద్–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా అక్కడ 2,621 ఎకరాల్లో రూ.2,786 కోట్లతో పారిశ్రామిక కేంద్రానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. దాంతో రింగ్ రోడ్డు కూడా అటు నుంచే మొదలుపెట్టమనే ఒత్తిడి వస్తుంది. ప్లాట్లు కొన్నవాళ్లు ఊరుకుంటారా? కానీ ఓర్వకల్లుకు 40వ జాతీయ రహదారి ఇప్పటికే ఉంది. రోడ్డున్న చోటికే ఇంకో రోడ్డు వేసి, బళ్లారి రోడ్డు నుంచి 44కు కలిపే ముక్కను చివరికి నెడితే పడమటి మండలాలకు ఒరిగేదేమీ లేదు. ఆ ముక్కే మొదట పడాలి.

అయితే దాంతో ఉల్లి రైతు కష్టం తీరుతుందని మాత్రం ఎవరూ ప్రసంగాలు చేయొద్దు. మార్కెట్ యార్డు ఊళ్లో ఉన్నంతకాలం ఉల్లి బండి ఊళ్లోకి రావాల్సిందే. రింగ్ రోడ్డు పక్కన యార్డుకు చోటు చూడకపోతే రైతుకు ఆ రోడ్డు ఉన్నా లేనట్టే.

అన్నిటికంటే పెద్ద లెక్క నీళ్లది. హంద్రీ దక్షిణం నుంచి వచ్చి కర్నూలు దగ్గరే తుంగభద్రలో కలుస్తుంది. దక్షిణాన ఎక్కడ రోడ్డు వేసినా హంద్రీని దాటాలి, కేసీ (కర్నూలు–కడప) కెనాల్‌నూ దాటాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి, కింద శ్రీశైలం జలాశయం నిండి ఉండి, హంద్రీ నీళ్లకూ దారి లేక ఊరు మునిగింది. అలాంటి చోట పొలాలకు అడ్డంగా ఎత్తైన కట్ట పోసి దాని మీద రోడ్డు వేస్తే అది ఆనకట్టే అవుతుంది. వరదొస్తే పైన ఉన్న పల్లెలు మునుగుతాయి, కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడతాయి. వంతెన పొడవు, తూముల సంఖ్య 2009 నాటి వరదను బట్టి లెక్కగట్టాలి. కానీ అంచనా పెరిగిందంటే ముందు కత్తెర పడేది తూముల మీదే. రోడ్డు ప్రారంభించే రోజు తూములు లెక్కపెట్టేవాళ్లెవరు? కాలువ కింద పొలాల్లో పిల్లకాలువలు తెగితే చివరి ఎకరాకు నీళ్లందవు. ఇక నల్లరేగడి సంగతి సరే సరి, వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నేల అది. కింద మట్టి మార్చకుండా తారు పోస్తే రెండేళ్లకే రోడ్డు అలలు తేలుతుంది.

44వ రహదారి గతి కూడా చూస్తున్నాం కదా. ఊరి అంచున పోవాల్సిన రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు లేచాయి, సంతోష్‌నగర్ లాంటి కాలనీలు వెలిశాయి. కొత్త రోడ్డు మరీ దగ్గరగా వేసి, ప్రతి వెంచర్‌కూ ఒక దారి వదిలితే దానికీ ఇదే గతి.

పరిహారం దగ్గర ఒక చిక్కుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి విలువ ముఖ్యంగా రెండు రకాలుగా చూస్తారు. ఒకటి ప్రభుత్వం నిర్ణయించిన రిజిస్ట్రేషన్ విలువ. రెండోది చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర చూపిన సగం పత్రాల సగటు. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఆధారం. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము, కలుస్తుంది. వినడానికి బాగుంది. కానీ స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి అందరూ తక్కువ ధరకే రిజిస్టర్ చేయించుకునే చోట ఆ సగటు కూడా తక్కువే వస్తుంది. ప్లాట్ల వ్యాపారి అసలు డబ్బు నోట్ల రూపంలో ఎప్పుడో తీసేసుకుని ఉంటాడు. నష్టం పక్క పొలం రైతుకు.

కాబట్టి నిధుల కంటే ముందు కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో ఆ గీతను సర్వే నంబర్లతో సహా ప్రకటించాలి. ఆ మేరకు కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపాలి. గీత ఒకసారి పడ్డాక ఎవరి పొలమో తప్పించడానికి వంకర తిప్పితే, ఎందుకు తిప్పారో కారణం రాతపూర్వకంగా చూపించాలి.