నోట్‌బుక్‌లో 247, ఫోన్‌లో 150

మొన్న మే నెలలో మల్కాజ్‌గిరిలో అమ్మ దగ్గర రెండు వారాలు ఉన్నాను. ఫ్రిజ్ మీద ఆమె షుగర్ రాసుకునే నోట్‌బుక్ కనబడితే తిరగేశాను. ఒక ఆదివారం పరగడుపున 247 అని ఉంది. ఆ రోజు నాకు ఫోన్‌లో చెప్పింది 150. అడిగితే, "నిజం చెప్తే తిడతావు కదరా" అంది.

నిజమే. వీడియో కాల్‌లో నా మొదటి ప్రశ్న "షుగర్ ఎంతుంది?". రెండోది "ఏం తిన్నావ్?". నిద్ర పట్టకపోయినా, జ్వరం వచ్చినా, మనసులో దిగులున్నా షుగర్ పెరుగుతుంది. నేను మాత్రం ప్రతిసారీ తిండినే తప్పుపట్టాను.

ఒక రాత్రి మూడింటికి వంటింట్లో చెంచా చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ గట్టు పట్టుకుని నిలబడి ఉంది. నైటీ చెమటకు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. మీటర్‌లో 58. 70 కంటే తగ్గిందంటేనే ప్రమాదం మొదలైనట్టు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట ఆగి చూస్తే 91. "అప్పుడప్పుడూ ఇలా అవుతుందిలే, పడుకో" అంది. ఒక్కతే ఉన్న ఇంట్లో ఇలాంటి రాత్రులు ఎన్ని గడిచాయో! ఆ భయానికే పడుకునే ముందు బిస్కెట్లు తింటుంది. పొద్దున అంకె పెరుగుతుంది. నేను తిడతాను.

పెళ్లిళ్లలో ఇంకో బాధ. "అయ్యో, ఇన్సులిన్ దాకా వచ్చిందా?" అంటారు, ఆవిడేదో నేరం చేసినట్టు. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ తయారవడం తగ్గిపోతుంది, అందుకే బయటి నుంచి తీసుకోవాలి. అంతే. ఆ మాట పడలేక అమ్మ ఫంక్షన్ హాల్ బాత్రూంలో తలుపేసుకుని సూది వేసుకుంటుంది.

షుగర్‌తో బతికేవాళ్ల మనసు మీద పడే ఈ బరువును వైద్యులు డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. దీన్ని కొలిచే ప్రశ్నావళి 1995లోనే వచ్చింది. మనం మాత్రం మీటర్లు, స్ట్రిప్పులు పంపించి, అక్కడితో బాధ్యత తీరిందనుకుంటున్నాం. షుగర్‌ని ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ అమ్మ ఒంటికి పెట్టించి, దూరం నుంచే ఫోన్‌లో చూసుకుందామనే వాళ్లకు నా మాట ఒక్కటే: ముందు అమ్మనడగండి. రాత్రి పడిపోయే షుగర్‌ని పట్టుకోవడానికైతే అది మంచిదే. పొద్దున్నే నిలదీయడానికైతే వద్దు.

పోయిన ఆదివారం నేను షుగర్ ఊసెత్తలేదు. బాల్కనీలో మల్లె మొగ్గ తొడిగిందని, లిఫ్ట్ మళ్లీ పాడైందని ఇరవై నిమిషాలు చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు తనే అంది: "ఇవాళ 212 ఉందిరా. రాత్రి నిద్ర పట్టలేదు."