ప్లేనో పన్ను, ఆస్టిన్ ఖజానా

(టెక్సస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులు వచ్చే రోజులు. బావకు ప్లేనోలో సొంత ఇల్లు. మరదలు శాన్ ఆంటోనియోలో గవర్నమెంటు స్కూలు టీచర్.)

బావ: చూడు శైలజా, ఈ బిల్లులో సగానికి పైగా స్కూళ్లకే. పిల్లల చదువు కదా అని కడతాను. తీరా అందులో కొంత ఆస్టిన్ పట్టుకుపోతోంది, అదే, మన రాష్ట్ర ప్రభుత్వం. ఇక్కడేమో నాలుగు బళ్లు మూసేస్తామని 2024లో మా స్కూలు బోర్డు ఓటేసింది.

మరదలు: మీ దగ్గర పిల్లలు తగ్గారు బావగారూ. అయినా డబ్బున్న ఊళ్ల స్కూలు పన్నులో మిగులు తీసుకునే ఆ ‘రాబిన్ హుడ్’ చట్టం 1993లో ఊరికే రాలేదు. మా ఊళ్లో ఎడ్జ్‌వుడ్ అని పేదల పేట. అక్కడి తల్లిదండ్రులు 1968లో కేసు వేశారు. అప్పటికి వాళ్లు వంద డాలర్ల ఆస్తికి డాలరు అయిదు సెంట్లు కడితే, పిల్లవాడికి వచ్చేది 26 డాలర్లు. అదే ఊళ్లో డబ్బున్న ఆలమో హైట్స్‌లో 85 సెంట్లు కడితే 333.

బావ: ఆ కేసు 1973లో ఓడిపోయారుగా.

మరదలు: ఢిల్లీ లాంటి వాషింగ్టన్‌లో, అమెరికా సుప్రీంకోర్టులో 5–4తో ఓడారు. తర్వాత వేరే కేసు వేసి, 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు.

బావ: నా డబ్బు నేరుగా ఎడ్జ్‌వుడ్ పిల్లాడికి వెళ్తే నేను నోరెత్తను. అలా వెళ్లదుగా! మా దగ్గర్నుంచి ఎంత వస్తే, రాష్ట్రం తన జేబులోంచి తీయాల్సింది అంత తగ్గుతుంది. ఒక్కో పిల్లవాడికి ఇచ్చే బేసిక్ అలాట్‌మెంట్ 2019లో 6,160 డాలర్లు. ఆరేళ్ల తర్వాత ఎంత పెంచారు? 55 డాలర్లు!

మరదలు: జీతాలకు విడిగా ఇచ్చారు లెండి. కానీ ఆ 55 విషయంలో నేనూ మీ పార్టీయే. మరి మీ హోమ్‌స్టెడ్ మినహాయింపు సంగతో? సొంతింట్లో ఉండేవాళ్లకు ఇంటి విలువలో కొంత మీద పన్ను ఉండదుగా. స్కూలు పన్నులో దాన్ని 2025లో లక్షా 40 వేల డాలర్లు చేశారు. ఆ లోటు పూడ్చేది రాష్ట్రం. రాష్ట్రానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, పెద్ద రాబడి సేల్స్ ట్యాక్సే. అంటే మా బడి పిల్లలకు వాళ్లమ్మ బూట్లు కొన్నప్పుడు కట్టేది. ఆవిడ ఉండేది అద్దె అపార్ట్‌మెంట్‌లో. ఓనరు తన పన్నును అద్దెలో కలిపేస్తాడు. ఆవిడకు మినహాయింపేమీ లేదు.

బావ: ఇల్లు అమ్మితే తప్ప ఆ విలువ నా చేతికీ రాదమ్మా. పన్ను మాత్రం ఏటా కట్టాలి.

మరదలు: అయినా మీ పన్నంతా ఆస్టిన్‌కు పోదు, బళ్ల కట్టడాలకు తెచ్చిన బాండ్ల అప్పు తీర్చే పన్నును రాబిన్ హుడ్ ముట్టుకోదుగా. మీ పక్కన ఆలెన్‌లో 6 కోట్ల డాలర్లతో హైస్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకున్నారు!

బావ: ఆలెన్ గొడవ నాకెందుకు?

మరదలు: సరే, మీ గొడవే. సంక్రాంతికి పిల్లల్ని మూడు వారాలు విజయవాడ తీసుకెళ్తున్నారటగా?

బావ: టికెట్లు కూడా కొనేశాం.

మరదలు: ఇక్కడ లెక్క రిజిస్టర్లో పేర్లను బట్టి కాదు, హాజరును బట్టి. మీ పిల్లలు రాని రోజులకు ప్లేనోకు రావలసిన వాటా తగ్గుతుంది. అది తగ్గితే, ఆ వాటాకు మించిన మిగులు కింద ఆస్టిన్ తీసుకెళ్లేది పెరుగుతుంది.

బావ: (బిల్లు మడుస్తూ) ఈ మాట వాళ్ల నానమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పు.