కొత్తదనం లేని గొర్రెలు

నేలను కాపాడే రైతుకు సర్కారు డబ్బులిస్తానంటే ఎవరికి చేదు? ఒక్క ప్రకృతి వ్యవసాయ మిషన్‌కే 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్లు అంది. అలాంటిదే ఇంకో పథకం ఉందని విని, పద్మనాభం మండలంలో ఉన్న మా మావయ్య ఒక ఆఫీసు నుంచి దరఖాస్తు తెచ్చుకున్నాడు. ఏ ఆఫీసని అడక్కండి, మాకు అక్కడ మళ్లీ పని పడుతుంది.

అందులో పద్నాలుగో గడి: 'మీ పద్ధతిలోని వినూత్నత ఏమిటి?'

మావయ్య అమాయకంగా ఉన్నదే రాశాడు. ఎండాకాలం రాత్రిళ్లు పెంటికల ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టిస్తాను, తొలకరికి జనుము చల్లి పూత మీద ఉండగా కలియదున్నుతాను, గట్ల మీద కంది వేస్తాను. 'ఎప్పటి నుంచి?' అన్నచోట 'మా తాత నాటి నుంచి' అని రాశాడు. కొంప అక్కడే మునిగింది. గుమస్తాగారు కళ్లజోడు కిందికి దించి, "ఇది పాతదండీ. కొత్తగా మారేవాళ్లకే ఇస్తాం" అన్నారు.

న్యాయమే కదా. పదేళ్లపాటు బస్తాలకు బస్తాలు యూరియా గుమ్మరించి, వానపామన్నది కనిపించకుండా చేసి, పదకొండో ఏట లెంపలేసుకుంటే అది వినూత్నం. మొదటి నుంచీ బుద్ధిగా ఉన్నవాడికి మారడానికి ఏముంది గనక? తప్పు మావయ్య తాతది. ముందే కాస్త నేలను పాడుచేసి పోవాల్సింది.

చివరికి మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన కూతురు పెన్ను పట్టింది. గొర్రెల మంద కాస్తా 'మొబైల్ ఆర్గానిక్ న్యూట్రియెంట్ డెలివరీ సిస్టమ్' అయింది. వారం తిరక్కుండా తనిఖీకి దిగారు.

యాప్ మూడు ఫొటోలు అడుగుతుంది. అమలుకు ముందు, అమలు జరుగుతుండగా, అమలు తర్వాత. మంద పడుకునేది రాత్రి, తనిఖీ పొద్దున్న పదకొండింటికి. కాపరిని బతిమాలి, ఆ పూట మేత మాన్పించి, ఎర్రటి ఎండలో గొర్రెల్ని పొలానికి తోలించాం. ముగ్గురు అధికారులు, ఒక గొడుగు, ఒక ఫోను. మొదటి ఫొటో అయింది. 'జరుగుతుండగా' దగ్గర బండి ఆగింది. కుర్ర అధికారి ఫోను పట్టుకుని గొర్రె వెనకాలే, అది ఎటు తిరిగితే అటు. "సెప్తే ఏసేత్తాయేటి బాబూ?" అన్నాడు కాపరి. నలభై నిమిషాలు గడిచాక ఒక ముసలి గొర్రె దయతలిచింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది, ఫొటో ఎక్కలేదు. పెద్ద అధికారి గొడుగు కింద నుంచే, "ఇంకోసారి చేయించండి" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. నేను మాత్రం తాటిచెట్టు చాటుకు వెళ్లొచ్చాను.

రెండోసారికి పని పూర్తయింది. పెద్దాయన సంతోషించి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి, వాసన చూసి, బాగుందన్నారు. ఆ తర్వాత అడిగారు: "పాస్‌బుక్ ఎవరి పేరు మీదుంది?"

మావయ్యది కౌలు. పాస్‌బుక్కు యజమానితోపాటు విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉంటుంది. డబ్బూ అక్కడికే పోతుంది. కౌలు రైతుకు కార్డివ్వమని 2019లో చట్టం చేశారు, నిజమే. యజమాని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. పెట్టినా దాని ఆయుష్షు 11 నెలలు. నేల తేరుకోవాలంటే ఏళ్లు పడుతుందని వీళ్లకు తెలియదా? సేంద్రియ సాగుకిచ్చే పరంపరాగత కృషి వికాస యోజన సాయాన్ని మూడేళ్లకు లెక్కగట్టింది వీళ్లే కదా! మూడేళ్ల చాకిరీకి పదకొండు నెలల కాగితం, అదీ ఇంకొకడి దయ మీద. ఎండలో నిలబడిన మనిషి పేరు ఏ గడిలోనూ పట్టదు గానీ గొర్రె పెంటికకు మాత్రం అక్షాంశం, రేఖాంశం కావాలి. సిగ్గులేదూ? పొలంలో ఎవడు వంగుతున్నాడో ఊళ్లో చంటిపిల్లాడు చెప్తాడు. వీళ్లకొక్కళ్లకే తెలీదు.

డబ్బు పడింది. పడ్డ సాయంత్రమే ఎంవీపీ కాలనీ నుంచి మావయ్యకు ఫోనొచ్చింది. "ఏమయ్యా, మన పొలం మట్టి చాలా బాగుందని ఆఫీసర్లే మెచ్చుకున్నారట కదా! వచ్చే ఏడు ఎకరాకు రెండు బస్తాలు కలిపి ఇద్దువుగాని."