మాల వేసుకున్న చమురు

మా ఊళ్లో వైన్ షాపు ఓనరు ఒకాయన ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. 41 రోజులూ నల్లబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. చుక్క ముట్టడు. షాపు మాత్రం మూయడు, కౌంటర్లో తనే కూర్చుంటాడు. తాగేవాళ్లు కూడా దీక్షకు మర్యాద ఇచ్చి "స్వామీ, ఒక క్వార్టర్" అని అడుగుతారు. ఇన్నాళ్లూ ఇది చూసి నవ్వుకునేవాణ్ని. గల్ఫ్ దేశాలు పర్యావరణాన్ని కాపాడుతున్న తీరు చదివాక, ఆయనెంత ముందుచూపున్న మనిషో అర్థమైంది.

2023 చివర్లో దుబాయ్‌లో వాతావరణ సదస్సు జరిగింది కదా, కాప్28. దానికి అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబర్. ఆయన అబుదాబి ప్రభుత్వ చమురు కంపెనీ అడ్నాక్‌కి సీఈఓ, సోలార్, గాలి కరెంటు చేసే మస్దార్‌కి ఛైర్మన్. దీని మీద లోకమంతా అనవసరంగా గోల చేసింది. మందు మాన్పించే సభకు మందు సంగతి తెలిసినవాణ్ని కాక పాలవాణ్ని కూర్చోబెడతారా ఎవరైనా? పైగా బొగ్గు, చమురు, గ్యాస్ అన్నిటి నుంచీ మెల్లగా పక్కకు జరగాలని ఒప్పందంలో రాసుకోవడం ఇన్నేళ్ల సదస్సుల్లో అదే మొదటిసారి. అడ్నాక్ మాత్రం 2027 కల్లా రోజుకు 50 లక్షల బ్యారెళ్లు తీసే సత్తా తెచ్చుకునే పనిలో ఉంది. అంతకుముందు గడువు 2030, దాన్నే ముందుకు జరుపుకున్నారు. తప్పేముంది, పక్కకు తిరగాలంటే ముందు బండిలో కాస్త ఊపు ఉండాలి కదా.

సోలార్ ఉత్తుత్తి మాట అనుకునేరు, కాదు. అబుదాబి దగ్గర అల్ దఫ్రాలో ఒకే చోట సుమారు 40 లక్షల ప్యానెళ్లు, 2 గిగావాట్లు. యూనిట్ 1.32 సెంట్లకు ధర ఖాయమైంది, అంటే మన లెక్కలో రూపాయికి కాస్త అటూ ఇటూ. ఇది చదివి మా ఇంటి కరెంటు బిల్లు తీసి చూసుకుని కాసేపు మౌనం పాటించాను. అక్కడ ఎండకు కరువు లేదు, ఉన్న గొడవల్లా దుమ్మే. దాన్నీ చుక్క నీళ్లు వాడకుండా బ్రష్షులున్న రోబోలు తుడిచేస్తాయట. మా పెద్దమ్మ కొడుకు జగిత్యాల నుంచి వెళ్లి అక్కడే బిల్డింగ్ పనిలో ఉన్నాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. ఆ టైంలోనే వాయిస్ మెసేజ్ పెడతాడు: "అన్నా, గీ ఎండ ప్యానెళ్లకైతే బంగారమట, మాకే బంద్."

అసలు తెలివి సౌదీలో ఉంది. ఎండాకాలం ఏసీల కోసం వాళ్లు ముడి చమురునే కాల్చి కరెంటు తీస్తారు, మనం నెయ్యి పోసి పొయ్యి రాజేసినట్టు. 2030 కల్లా సగం కరెంటు సోలార్, గాలి లాంటివాటి నుంచి రావాలని, మిగతా సగం గ్యాస్ మీద నడవాలని, ఆ లెక్కన రోజుకు దాదాపు 10 లక్షల బ్యారెళ్ల చమురు కాల్చడం తప్పుతుందని ప్లాన్. భేష్. మరి మిగిలిన బ్యారెల్ ఏమవుతుంది? భూమిలోనే ఉంటుందని ఎక్కడా రాయలేదు. ఓడెక్కడానికి ఏ అడ్డూ లేదు. మా స్వామి మానేసిన క్వార్టర్ అరలోనే ఉంటుంది, సాయంత్రానికి ఎవరో ఒకరు పట్టుకెళ్తారు.

ఇక లెక్కల సంగతి. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో పొగ ఎక్కడ వస్తే ఆ దేశం ఖాతాలో పడుతుంది. కాబట్టి దుబాయ్, అబుదాబిలున్న యూఏఈ 2050కి, సౌదీ 2060కి చేరతామంటున్న నెట్ జీరో, అంటే వదిలిన పొగకు సరిపడా వెనక్కి తీసేసి లెక్క సున్నా చేయడం, తమ ఇంట్లో పొగ సంగతే. అమ్మిన చమురు పొగ కొన్నవాడిది. ఈ ఇంగితం అరబ్బులకే పరిమితం కాదు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్, చమురు, గ్యాస్ మాత్రం పక్క దేశాలకు వెళ్తూనే ఉన్నాయి. అదే ఏడాది కాప్29 పెట్టిన అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలీయెవ్ చమురూ గ్యాసూ దేవుడిచ్చిన వరమని సభలోనే అనేశాడు. కనీసం ఆయన మాల వేసుకోలేదు.

అయినా పాపం వాళ్లను అని ఏం లాభం? సౌదీ ఖజానాలో సగానికి పైగా చమురు డబ్బే, రేపు ఆపేస్తే ఎల్లుండి జీతాలెవరిస్తారు? ఆ సోలార్ ప్యానెళ్లు కొన్నదీ ఆ డబ్బుతోనే. మా పెద్దమ్మ ఇంటి మీద రెండో అంతస్తు లేచిందీ ఆ దేశాల జీతంతోనే. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85కు పైగా బయట నుంచే కొంటున్నాం, అందులో మంచి వాటా గల్ఫ్‌దే. అంటే కౌంటర్‌కు ఇవతల చిల్లర పట్టుకుని నిలబడ్డది నేనే. ఈ వ్యాసం రాసే ముందే బంకుకెళ్లి రెండు వందలకు పెట్రోల్ కొట్టించుకొచ్చాను. వస్తూ వస్తూ షాపు ముందు ఆగితే, స్వామి మెడలో మాల సర్దుకుని, ఒక చేత్తో అగరుబత్తి వెలిగిస్తూ రెండో చేత్తో ఎవరికో సీసా అందిస్తూ నన్ను చూసి పలకరించాడు.

"ఏం స్వామీ, కనబడటం లేదు?"