బీట్‌రూట్ ఎంత పని చేసింది

మా ఆయన రక్తపరీక్ష రిపోర్టులో విటమిన్ బి12 తక్కువని వచ్చింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, తిండి కూడా కాస్త చూసుకోండి అన్నాడు. మాత్రల సంగతి మా ఆయన చెవిన పడలేదు. తిండి సంగతి మాత్రం బాగా పడింది. ఆ రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్లో వీడియోలు చూసి, తెల్లారగానే వంటింటి గుమ్మంలో నిలబడి "ఇన్నాళ్లూ మనం తింటున్నది అసలు తిండే కాదు" అని ప్రకటించాడు. నేనప్పుడు ఆయనకే ఉప్మా తిప్పుతున్నాను. ఆ ఉప్మా మొత్తం తిన్నాడనుకోండి, ప్రకటన ప్రకటనే, ఉప్మా ఉప్మానే.

రథసప్తమి రద్దీ తగ్గి శ్రీకాకుళం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న వారంలో మా ఇంటికి జ్యూసర్ దిగింది. మామూలు మిక్సీ కాదు, కోల్డ్ ప్రెస్. మిక్సీ గిర్రున తిరిగితే వేడికి విటమిన్ సి చచ్చిపోతుందట, ఇదైతే నెమ్మదిగా, నొప్పి తెలియకుండా పిండుతుందట. ధరెంత అని అడిగితే "ఆరోగ్యానికి ధర కడతావా?" అన్నాడు, అంటే నాకు చెప్పలేనంత ఉందన్నమాట. అత్తయ్య దాని చుట్టూ ఓసారి తిరిగి చూసి "ఏట్రా ఇది, చెరుకు గానుగా?" అంది. "కాదమ్మా, పోషకాలు తీసే మిషను" అన్నాడు. "తీసి ఎక్కడ పెడతావు?" అంది ఆవిడ. ఆ ప్రశ్న ఎంత లోతైనదో తర్వాత తెలిసింది.

వంకాయలు తెమ్మంటే పురుగులున్నవన్నీ ఏరి తెచ్చే మనిషి, ఇప్పుడు తెల్లారకుండానే సంచి పట్టుకుని రైతు బజారుకి బయల్దేరేవాడు. క్యారెట్, బీట్‌రూట్, కీరా, పాలకూర, పుదీనా, ఉసిరికాయలు. అన్నీ కిలోల్లెక్కన. బీట్‌రూట్ అమ్మే ఆవిడ "ఇంట్లో పెళ్లేటి బాబూ?" అని అడిగిందట. ఆ మాట నాకు చెప్పి గర్వంగా నవ్వాడు.

కిలో క్యారెట్ పిండితే వచ్చేది రెండు గ్లాసులు. ఒకవైపు సన్నటి ధారగా రసం, ఇంకోవైపు గంపెడు పిప్పి. అసలు పీచంతా ఆ పిప్పిలోనే ఉంది కదా అని నేనంటే, పీచు దండగ, సారం ముఖ్యం అన్నాడు. నేనూ ఊరుకోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలు తీసి చదివి వినిపించాను: రోజుకి కూరగాయలు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు తినాలి, రసం పిండుకుని తాగేకన్నా పండు పండులా తినడం మేలు. పైగా పండులో ఉన్నంతసేపూ పేచీ లేని తీపి, పిండి గ్లాసులో పోయగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో విడిగా కలుపుకున్న పంచదారతో సమానం అయిపోతుంది. అంతా శ్రద్ధగా విని "వాళ్లు కోల్డ్ ప్రెస్ చూసుండరు" అన్నాడు.

పిప్పి పారబోయడానికి అత్తయ్యకి మనసొప్పలేదు. మొదట్లో క్యారెట్ పిప్పితో పచ్చడి చేసింది, తర్వాత శనగపిండి కలిపి పకోడీలేసింది. అవి బ్రహ్మాండంగా ఉన్నాయి. నేనూ ఆవిడా పకోడీలు తింటుంటే మా ఆయన ఎదురుగా కూర్చుని ఆకుపచ్చ నీళ్లు తాగుతూ మా వైపు జాలిగా చూసేవాడు, చూపు మాత్రం పళ్లెం మీద ఉండేది. అయినా రోజూ గంపెడంటే ఎన్ని పకోడీలని వేస్తాం? చివరికి పాలు పోసే తాత బకెట్టు తెచ్చి "నా గేదెకి ఇయ్యండమ్మా" అని పట్టుకుపోవడం మొదలెట్టాడు. క్యారెట్, కీరా, జామ, అప్పుడప్పుడు ఆపిల్. శ్రీకాకుళం జిల్లాలో అంత ఖరీదైన భోజనం చేసిన గేదె ఇంకోటి ఉండి ఉండదు.

ప్రయోగాలన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అనాస రసంలో పాలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టాడు, పొద్దున్నకి చేదెక్కి, విరిగి, ఏదో మందులా తయారైంది. ఉడికించని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలల్లో ప్రొటీన్‌ని ముక్కలు చేసేస్తుంది. బొప్పాయిదీ అదే బుద్ధి. నేనిది చెప్పేలోపు ఆయన సగం తాగేసి, బాత్రూం వైపు నడిచాడు.

సొరకాయ విషయంలో మాత్రం అత్తయ్య ఆయన్ని నిజంగా కాపాడింది. తొక్క తీసి ముక్కలు కోసి మిషన్లో వెయ్యబోతుంటే "ఆగరా" అని ఓ ముక్క నాలిక చివర పెట్టుకుంది, వెంటనే ఉమ్మేసింది. చేదు! మొత్తం ఎత్తి చెత్తబుట్టలో పోసింది, గేదెకి కూడా ఇవ్వలేదు. దోసకాయైనా సొరకాయైనా రుచి చూడకుండా కొయ్యకూడదని మన ఇళ్లలో ఆడవాళ్లకి చిన్నప్పుడే నేర్పుతారు కదా, అది ఊరికే పెట్టిన నియమం కాదు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు కూడా, అందుకే చేదుగా ఉంటే తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు చెప్పారు. కూరైతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది, వదిలేస్తాం. జ్యూస్ అయితే ఆరోగ్యం చేదుగానే ఉంటుందిలే అనుకుని ముక్కు మూసుకుని గటగటా తాగేస్తాం.

ఇక అసలు కథ. మా జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి మా చిన్నమామయ్య, అంటే మా మామయ్యగారి తమ్ముడు, ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుందామని శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ గోనెసంచి నిండా కొబ్బరికాయలు, ఓ పొట్లం జీడిపప్పు తెచ్చాడు. అంత మర్యాదకి ప్రతిమర్యాద చెయ్యాలిగా. మా ఆయన బీట్‌రూట్, ఉసిరి, అల్లం కలిపి పెద్ద స్టీలు గ్లాసు నిండా పట్టి తెచ్చాడు.

"ఏట్రా ఇది, కుంకం నీళ్లా?"

"తాగు చిన్నాన్నా, రక్తం పడుతుంది."

పెద్దమనిషి, కాదనలేకపోయాడు. నెమ్మదిగా తాగితే ఆ రుచి ఎక్కువసేపు భరించాలని కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో ఖాళీ చేసేశాడు. అది చూసి మా ఆయన, చిన్నాన్నకి తెగ నచ్చేసిందనుకుని ఇంకో గ్లాసు పోశాడు. దాన్నీ అలాగే తాగాడాయన, పాపం. మూడోది పోయబోతుంటే అత్తయ్య గ్లాసు లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే గుడికెళ్లాల్సిన మనిషి బాత్రూంలోంచి వచ్చి, స్నానం మాట ఎత్తకుండా వరండాలో కుర్చీలో కూలబడ్డాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. ఉద్దానం మనిషి కాఫీ వద్దన్నాడంటేనే నాకు అనుమానం రావాల్సింది, కానీ గుడికెళ్లే ముందు ఉపవాసమేమో అనుకున్నాను. కాసేపటికి ఫోన్ తీసి పెద్దకొడుక్కి చేసి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. తర్వాత అత్తయ్యని పిలిచి "వదినా, అన్నయ్య ఉన్నప్పుడు పంచుకున్న కొబ్బరితోట కాగితాలు నీ దగ్గరున్నాయేటి?" అని అడిగాడు. ఆవిడ గతుక్కుమంది. పొద్దున్నే ఆస్తి తగువేమో అని ఆవిడ భయం.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. వేరే ఊళ్లో ఎవరికైనా మూత్రం ఎర్రగా వస్తే, వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగుతారు. ఉద్దానంలో అలా కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఆ చుట్టుపక్కల మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా మనుషుల్ని తీసుకుపోతోంది, దానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటేనే తెలుస్తుంది అక్కడి పరిస్థితి. కాబట్టి ఎర్రటి మూత్రం చూడగానే మా చిన్నమామయ్య ఎక్కడికెళ్లిపోయి ఉంటాడో ఊహించుకోండి. ఇల్లు, తోట, కొడుకులు, తద్దినాలు దాకా వెళ్లిపోయాడు. మాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆడవాళ్ల ముందు ఎలా చెప్తాడు?

కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైనే. మధ్యాహ్నానికల్లా మా గుమ్మం ముందు కారు ఆగింది. అందులోంచి ఇద్దరు కొడుకులు, కోడలు, పక్కింటి పెద్దాయన, చిన్నత్తయ్య దిగారు. చిన్నత్తయ్య గేటు దగ్గర్నుంచే "ఓలమ్మో, నిన్న బాగానే బస్సెక్కినాడు కదా" అని రాగం అందుకుంది. చిన్నకొడుకు చేతిలో ఆరోగ్యశ్రీ కార్డుంది. ఏం జరిగిందో నాకూ తెలీదు, అత్తయ్యకీ తెలీదు, మేమిద్దరం కూడా ఎందుకైనా మంచిదని కళ్లు తుడుచుకున్నాం. మా ఆయన మాత్రం, పాపం ఎండన పడి వచ్చారని లోపలికెళ్లి, ట్రే నిండా గ్లాసులు పట్టుకొచ్చాడు. ఎర్రగా, చల్లగా. ఏడుపులో ఉన్నవాళ్లు ఏం తాగుతున్నారో చూస్తారా? అందరూ తాగేశారు.

డాక్టరు దగ్గర గదిలోకి ఒక్కరే రావాలన్నారు, ఎనిమిదిమందిమి వెళ్లాం. చిన్నమామయ్య తలొంచుకుని ఆయన చెవిలో చెప్పాడు. డాక్టరు తాపీగా "రాత్రి బీట్‌రూట్ ఏమన్నా తిన్నారా?" అని అడిగాడు.

అందరి తలలూ ఒక్కసారి మా ఆయన వైపు తిరిగాయి.

అయినా అనుమానం ఎందుకని పరీక్ష చేయిస్తే, మూత్రంలో రక్తం లేదు, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. బీట్‌రూట్‌కి ఆ రంగునిచ్చే బీటలైన్లు కొందరి ఒంట్లో పూర్తిగా విరగవట, అలాగే బయటికి వచ్చేస్తాయట. అందరికీ రాదు. ఒంట్లో ఇనుము తక్కువున్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. భయపడాల్సిందేం లేదు, ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. ఇదంతా డాక్టరు చెప్తుంటే మా ఆయన మధ్యలో దూరి "నాకూ రోజూ అలాగే వస్తోందండి, నేను టాక్సిన్లు పోతున్నాయనుకున్నాను" అన్నాడు. డాక్టరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

అప్పుడు పెద్దకొడుకు మెల్లగా "సార్, మధ్యాహ్నం మేం అందరం అదే తాగేం మరి" అన్నాడు.

"అయితే రేపు మీలోనూ కొందరికి రావచ్చు. మళ్లీ కారు కట్టించుకుని రాకండి" అన్నాడాయన.

పనిలో పనిగా మా ఆయన రిపోర్టు సంగతి కూడా నేనే ఎత్తాను, అంత మంచి అవకాశం మళ్లీ రాదని. బి12 పళ్లలో ఉండదు, కూరగాయల్లో ఉండదు, ఎన్ని కిలోలు పిండినా రాదు అని ఆయన తేల్చిచెప్పాడు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, వీటిలో ఉంటుంది. ఒళ్లు శుద్ధి చేసుకుంటున్నానని మా ఆయన మానేసింది సరిగ్గా వాటినే. పచ్చి పాలకూర, బీట్‌రూట్ రోజూ గ్లాసుల కొద్దీ పిండి తాగితే ఆక్సలేట్లు పేరుకుని కొందరికి కిడ్నీలో రాళ్లు వస్తాయని కూడా చెప్పాడు. ఆ మాట వినగానే చిన్నత్తయ్య కూర్చున్న కుర్చీని మా ఆయనకి కాస్త దూరంగా జరుపుకుంది.

ఎలాగూ వచ్చాం కదా అని కారు నిండా జనం అటునుంచి అటే అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకుని, రాత్రికి మా ఇంట్లో చేపల పులుసు తిని మరీ వెళ్లారు. మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. డాక్టరు చెప్పాడు కాబట్టి, లేకపోతే తినేవాడు కాదట.

చైత్రం రాగానే చిన్నమామయ్య దగ్గర్నుంచి బస్సులో ఓ బస్తా వచ్చింది. విప్పి చూస్తే జీడిమామిడి పళ్లు. కింద వేలాడే జీడిగింజే అసలు సరుకనుకుంటారు గానీ, విటమిన్ సి కావాలంటే పైనున్న ఆ పండులోనే ఉంది, నారింజ కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. వెంట ఫోను కూడా వచ్చింది, "ఒరే, ఇది మన ఊరి సరుకు, మిషన్లో వేసి తాగు" అని. మా ఆయన మురిసిపోయాడు, చిన్నాన్న మనసులో ఏమీ పెట్టుకోలేదని. చొక్కా నిండా మరకలు చేసుకుంటూ రసం తీసి, ఒక్క గుక్కలో తాగాడు. జీడిపండు రసంలో టానిన్లుంటాయి, గొంతు పట్టేస్తాయి. ఆ వగరు వదిలించాలంటే కాస్త గంజి కలిపి ఉంచి, అడుగుకి మడ్డి దిగాక పైన తేట మాత్రం తీసుకోవాలి. అత్తయ్యకి ఆ కిటుకు తెలుసు, కానీ ఆవిడనెవరడిగారు? పూటంతా గొంతు గీరుకుపోయి, బొంగురు గొంతుతో చిన్నాన్నకి ఫోన్ చేశాడు.

"ఏటవదురా," అన్నాడాయన, "రక్తం పడతాది. ఇంకో గ్లాసు తాగు."

ఆ చొక్కా మరకలు ఇప్పటికీ పోలేదు. జ్యూసర్‌ని అత్తయ్య ఆక్రమించింది. ఉద్దానం కొబ్బరికాయల పాలు దాంట్లో చక్కగా వస్తున్నాయని, ఇన్నాళ్లకి ఇంట్లోకి ఓ పనికొచ్చే వస్తువు తెచ్చాడని కొడుకుని మెచ్చుకుంటోంది. మా ఆయన బి12 మాత్ర వేసుకుంటున్నాడు, గుడ్డు తింటున్నాడు, జామకాయ కొరుక్కుతింటున్నాడు.

ఇబ్బందల్లా పాలు పోసే తాతతోనే. రోజూ పొద్దున్నే బకెట్టుతో సహా వచ్చి గుమ్మంలో నిలబడతాడు. పిప్పి లేదు తాతా అంటే నమ్మడు. జ్యూస్‌లున్న రోజుల్లో గేదె రెండు పూటలా బాగా ఇచ్చేదట, ఇప్పుడు గడ్డి పెడితే మొహం తిప్పుకుంటోందట. మొన్న పాలు కొలిచి పోసి వెళ్తూ వెళ్తూ ఆగి, లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"బాబుగోరికి మళ్లీ ఒంట్లో ఎప్పుడు బాగోదమ్మా?"